ప్రసన్నకు ఫోన్ చేసి అడుగు

తారాచంద్ స్టూడియోలో ప్రసన్నను పెట్టుకున్నది ఫోటోలు కవర్లలో వేసి, కవరు మీద పేర్లు తప్పుల్లేకుండా రాయడానికి. అది 1994. ఆమె పది పాసై ఏడాది అయింది. నాన్న భీవండిలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఇంట్లో తల్లి పోసవ్వ బీడీలు చుట్టేది. ప్రసన్న కూడా చాట ముందేసుకుని కూర్చునేది గాని ఆమె చేతికి వేగం రాలేదు. ఆకు కత్తిరిస్తూ కత్తిరిస్తూ, ఈ ఆకు ఏ అడవి నుంచి వస్తుంది, ఆ దారం నిన్న ఎర్రగా ఉండి ఇవాళ పచ్చగా ఎందుకుంది అని అడిగేది.

"నువ్వు అడుగుడు బంద్ చేస్తే రోజుకు ఇంకో వంద బీడీలు ఎక్కువైతయ్" అనేది పోసవ్వ.

తారాచంద్ సేటు వాళ్లు ఎప్పుడో రాజస్థాన్ నుంచి దెగ్లూరు మీదుగా వచ్చి బాన్స్‌వాడలో స్థిరపడ్డవాళ్లు. ఆయన బస్టాండు రోడ్డులో స్టూడియో పెట్టి పెళ్లిళ్లకు వీడియో కూడా తీసేవాడు. తీసిన క్యాసెట్లను మిక్సింగుకు నిజామాబాదు పంపించాలి. అక్కడ పూలు రాల్చి, గుండె బొమ్మలో పెళ్లికూతురిని కూర్చోబెట్టి, పాటలు అతికించి పంపేసరికి నెల పట్టేది. ఆ తిప్పలు పడలేక 1999లో ఆయన కంప్యూటరు కొన్నాడు. దాంతో పాటు ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు వచ్చింది. హైదరాబాదు నుంచి ఒకతను వచ్చి రెండు రోజులుండి, ఏ బటన్ నొక్కితే ఏం జరుగుతుందో గబగబా చూపించి వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఇటుకంత మందంగా ఉన్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి వదిలి వెళ్లాడు.

తారాచంద్ ఆ పుస్తకాన్ని మానిటర్ కింద ఎత్తుకు పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి కూర్చుంటే మెడ వంచాల్సి వచ్చింది.

"అరె, టీవీ కిందికి దిగిందేంది?"

"పుస్తకం తీసిన సేట్. చదువుదామని" అంది ప్రసన్న.

"అది చదివేతందుకు ఇచ్చిండ్రా!" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

ఆమె ఇంగ్లీషు అంతంతమాత్రం. పాత నిఘంటువు ఒకటి తెచ్చుకుని పక్కన పెట్టుకుంది. రోజుకు రెండు పేజీలు. చదివింది చదివినట్టు కంప్యూటర్లో చేసి చూసేది. పుస్తకంలో ఒక మాట అర్థం కాకపోతే ఆ బటన్ నొక్కేది. నొక్కినా అర్థం కాకపోతే పెన్సిల్‌తో సున్నా చుట్టి ముందుకు పోయేది. ఏడాదిన్నర తర్వాత పుస్తకం అట్ట ఊడిపోయింది. అప్పటికి స్టూడియోలో పెళ్లిళ్లన్నీ ఆమే ఎడిట్ చేస్తోంది. కవర్ల మీద పేర్లు తారాచందే రాసుకుంటున్నాడు.

ఈలోగా చుట్టుపక్కల బిచ్కుంద, పిట్లం, కోటగిరి స్టూడియోల వాళ్లూ ఒక్కొక్కరే కంప్యూటర్లు కొన్నారు. వాళ్ల దగ్గరా అదే సాఫ్ట్‌వేరు, అదే రెండు రోజుల చదువు. ఎక్కడైనా బండి ఆగితే హైదరాబాదు డీలరుకు ఫోన్ చేసేవారు. అక్కడ ఎవరో ఎత్తి, "సిస్టమ్ ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి" అని పెట్టేసేవారు. అలా ఉండగా ఒకరోజు పెద్ద కొడప్‌గల్ నుంచి స్టూడియోకు ఫోన్ వచ్చింది. ఎంత తన్నుకున్నా ఫైలు రెండు గిగాల దగ్గరే ఆగిపోతోందట. తారాచంద్ ఫోన్ ప్రసన్న చేతికిచ్చాడు.

"రెండు గిగాలు దాటి ఒక్క ఫైలు రాయదన్నా. పెళ్లిని ముక్కలు చేసి రాయుండ్రి. ముక్కలను వరసగ పేర్చుకుంటే ఒక్కటే తీరు కనవడుతది" అని చెప్పింది ఆమె.

అంతే. అప్పటి నుంచి ఎవరికి ఏ అనుమానం వచ్చినా "బాన్స్‌వాడ ప్రసన్నకు ఫోన్ చేసి అడుగు" అనే మాట ఒకరి నుంచి ఒకరికి పాకిపోయింది. సౌండు ముందొచ్చి పెదవి ఆలస్యంగా కదులుతోందని ఒకరు, పాత వర్షన్‌లో చేసిన పెళ్లి కొత్త వర్షన్‌లో తెరుచుకుంటుందా అని ఒకరు. తారాచంద్‌కు ఇది బాగానే ఉండేది. ఫోన్ మోగితే "ప్రసన్నా, నీ దవాఖాన ఫోన్" అనేవాడు.

ఆమెకు మాత్రం చెప్పడం కంటే అడిగించుకోవడం ఇష్టంగా ఉండేది. ఒక్కొక్క ప్రశ్న వస్తే, ఇన్నాళ్లూ తన చేతి కింద ఉన్న యంత్రంలో తాను తెరవని తలుపు ఒకటి ఉందని తెలిసేది. అడిగినవాడు మరిచిపోయినా ఆమె మరిచిపోయేది కాదు. ప్రతి ప్రశ్ననూ ఒక లాంగ్ నోటుబుక్కులో రాసుకునేది: అడిగింది ఎవరు, వాళ్ల కెమెరా ఏది, కంప్యూటరులోకి బొమ్మ ఎక్కించే కార్డు ఏది, చివరికి ఏమైంది.

2002 వేసవిలో ఆ సాఫ్ట్‌వేరు ఆరో వర్షన్ వచ్చింది. పెళ్లిళ్ల సీజను. ఫోన్ల మీద ఫోన్లు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఎక్కించాలా, వద్దా?

ప్రసన్న ఇంటర్నెట్ సెంటరుకు పోయి, కొత్త వర్షన్‌లో ఏమేం మారాయో కంపెనీ రాసిన తొమ్మిది పేజీలు ప్రింటు తీయించుకుంది. నిఘంటువు దగ్గర పెట్టుకుని చదివింది. బొమ్మలు త్వరగా తయారవుతాయి. పాత ఫైళ్లు తెరుచుకుంటాయి. పూలు పడే రకాలు ఇరవై ఎక్కువ. నాలుగో పేజీలో మధ్యన చిన్న వాక్యం ఒకటి ఉంది, అందులో ఫీల్డ్ అనే మాట. నిఘంటువు తీస్తే పొలం, మైదానం, రంగం అని ఉంది. పెళ్లి వీడియోలో పొలం వరస మార్చడమేమిటో ఆమెకు అంతుపట్టలేదు. నవ్వొచ్చింది. పెన్సిల్‌తో సున్నా చుట్టి తర్వాతి పేజీకి పోయింది.

తమ కంప్యూటర్లో వేసి చూద్దామంటే తారాచంద్ ఒప్పుకోలేదు. "సీజన్ల మిషన్ ముట్టొద్దు. మూఢం రానీ, అప్పుడు నీ ఇష్టం" అన్నాడు. చూడకుండానే ఆమె పది స్టూడియోలకు చెప్పింది: "మంచిగున్నది. ఎక్కియ్యుండ్రి."

మూడు వారాలకు మొదటి ఫోన్ బిచ్కుంద నుంచి వచ్చింది. బరాత్‌లో పెళ్లికొడుకు కారు ముందుకూ వెనక్కూ వణుకుతూ పోతోందట. ఆ మర్నాడు ఇంకోటి. తర్వాత కోటగిరి వెంకట్రాములు. ఆయన యాభై ఏళ్ల మనిషి, కాలువ కింద వరి వేస్తూ సీజనులో కెమెరా పట్టేవాడు. ఎప్పుడూ "చెల్లె" అని పిలిచేవాడు. ఆ రోజు పిలవలేదు.

"క్యాసెట్ ఇచ్చి వారమైంది. పిల్ల నడుస్తుంటే గజగజ వణుకుతుందట. కెమెర ఖరాబైందని ఊరంత అంటుండ్రు. నువ్వేమో ఎక్కియ్యమంటివి" అని పెట్టేశాడు.

ప్రసన్నకు దిగులు పట్టుకుంది. తాను చెప్పిన మాట మీద పదిమంది తమ పని పెట్టుకున్నారు. అయితే ఆ దిగులు ఒక పక్క ఉండగానే, ఇంకో పక్క మనసులో ఏదో తొలుస్తోంది. ఎందుకు వణుకుతుంది? అన్నీ ఎందుకు వణకవు?

నోటుబుక్కు ముందేసుకుని పది స్టూడియోలకూ తానే ఫోన్ చేసింది. ఈసారి అడగడం ఆమె వంతు.

"అన్నా, కూసున్నోల్లు వణుకుతున్నరా, నడిసేటోల్లేనా?"

"కూసున్నోల్లు మంచిగనే ఉన్నరు."

"కంప్యూటర్ల సూస్తే?"

"కంప్యూటర్ల ఏం లేదు. టీవీల పెడితేనే గట్ల కొడ్తుంది."

అందరూ అదే చెప్పారు, ముగ్గురు తప్ప. ఆ ముగ్గురికీ అసలు వణుకే లేదు. నోటుబుక్కులో వాళ్ల పేర్ల దగ్గర చూస్తే ముగ్గురివీ చిన్న టేపు కొత్త కెమెరాలు. మిగతా ఏడుగురివీ భుజాన మోసే పెద్ద క్యాసెట్టు కెమెరాలు, పాత కార్డులు. ఇదేదో కెమెరా చెడిపోవడం కాదని ఆమెకు తెలిసిపోయింది. ఏడు కెమెరాలు ఒకే వారం ఒకే తీరుగా చెడిపోవు గదా!

అంతలో మూఢం వచ్చి ముహూర్తాలు ఆగిపోయాయి. తారాచంద్ మాట ప్రకారం కంప్యూటరు ఆమెకు వదిలేశాడు. ఆమె ఆరో వర్షన్ ఎక్కించి, పాత కెమెరా తీసుకుని స్టూడియో మెట్ల మీద నిలబడి రోడ్డు మీద పోయే ట్రాక్టర్లను, ఆటోలను అరగంట తీసింది. కంప్యూటరులోకి ఎక్కించి, మళ్లీ క్యాసెట్టు మీదికి దించి టీవీలో పెట్టింది. ట్రాక్టరు వణికింది. పక్కన నిలబడ్డ అరటిపళ్ల బండి కదల్లేదు.

రోజూ మధ్యాహ్నం ఆమెకు అన్నం డబ్బా తెచ్చేది తాత కొమురయ్య. పోసవ్వ తండ్రి. వయసులో ఉన్నప్పుడు గుంటమగ్గం మీద చీరలు నేసినవాడు. మగ్గాలు పోయాక ఆయనకు కూర్చుని చూడటానికి ఏమీ దొరక్క, మనవరాలి డబ్బా తెచ్చి స్టూడియోలో గంటసేపు కంప్యూటరు చూసి పోయేవాడు. ఆ రోజు ప్రసన్న ఆటో బొమ్మను ఆపి, పెద్దది చేసి, తెరకు ముక్కు ఆనించి చూస్తోంది. ఆటో అంచు నున్నగా లేదు. దువ్వెన పళ్లలాగా ఒక గీత బయటికి, ఒక గీత లోపలికి.

"గదేంది, పోగు పోగుకు తేడ ఉన్నది?" అన్నాడు తాత.

"పోగులు కావు తాత, గీతలు."

"ఏదైతే ఏంది. ఒకటి ఇడిసి ఒకటి జరిగినయ్ గద." ఆయన కళ్లజోడు సవరించుకుని వేలు పెట్టి లెక్కపెట్టాడు. "మగ్గం మీద గింతే. ఒక కాలు తొక్కితే సగం పోగులు లేస్తయ్. ఇంకో కాలు తొక్కితే తక్కిన సగం లేస్తయ్. రెండు సగాలు కల్సి బట్ట."

"మరి ముందు తొక్కేది ఎనక తొక్కితే?"

"ఎవలు తొక్కిండ్రు గట్ల?" అన్నాడు తాత, తన మగ్గం మీద ఎవరో కూర్చుని పాడు చేసినట్టు.

ప్రసన్న డబ్బా మూత కూడా తీయలేదు. సొరుగులోంచి ఆ తొమ్మిది పేజీలు లాగి నాలుగోది తీసింది. పెన్సిల్ సున్నా అక్కడే ఉంది. ఇటుకంత పుస్తకం వెనక పేజీల్లో, ఎప్పుడూ చదవని చోట, ఫీల్డ్ అనే మాటకు అర్థం వెతికింది. టీవీ ఒక్కో బొమ్మను ఒకేసారి చూపించదు. ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు, రెండు సగాలుగా చూపిస్తుంది. ఆ సగం బొమ్మ పేరే ఫీల్డ్. ముందు రావాల్సిన సగం వెనక వస్తే కదిలేది వణుకుతుంది, కదలనిది రెండు సగాల్లోనూ ఒకచోటే ఉంటుంది గనుక వణకదు. పాత కార్డులు బేసి గీతల సగాన్ని ముందు ఇస్తాయి, కొత్త కెమెరాలు సరి గీతల సగాన్ని ముందు ఇస్తాయి. ఆరో వర్షన్ వాళ్లు కొత్త కెమెరాలు పెరుగుతున్నాయని, ముందుగా పెట్టి ఉంచే వరసను సరి గీతల సగానికి మార్చారు. నాలుగో పేజీలో ఆ సంగతే రాశారు. పాత కెమెరా వాళ్లు ఒక్క చోట మార్చుకుంటే చాలు.

ఆమె మార్చింది. నిమిషం ముక్క తయారుచేసి క్యాసెట్టు మీదికి దించి టీవీలో పెట్టింది. ట్రాక్టరు కాలువ నీళ్ల మీద పడవలా సాఫీగా పోయింది. తాత, మనవరాలు దాన్ని ఎనిమిదిసార్లు చూశారు. తారాచంద్ వచ్చి, "ట్రాక్టర్ను ఏం సూస్తుండ్రు?" అని, తానూ నిలబడి రెండుసార్లు చూశాడు.

ఆరుగురికి ఫోన్లోనే చెప్పింది. వెంకట్రాములుకు మాత్రం ఫోన్ చేయలేదు. మర్నాడు పొద్దున షేరింగ్ ఆటో ఎక్కి కోటగిరి పోయింది.

ఆయన ఇంటి ముందు అరుగు మీద కెమెరాను విప్పి బట్ట మీద పెట్టుకుని కూర్చున్నాడు. రా అనలేదు, కూర్చోమనలేదు.

"నిజామాబాద్ తీస్కపోతున్న, రిపేరుకు" అన్నాడు.

"కెమెర మంచిగనే ఉన్నదన్నా. తప్పు నాది. నేను చేసి సూడకుండనే నీకు చెప్పిన."

ఆయన తిట్టడానికి సిద్ధమైనవాడు ఆగిపోయాడు. "మరి కంపెనోల్లది కాదా?"

"కంపెనోల్లు రాసిండ్రు. నాకే సమజ్ కాలే. ఫీల్డంటే పొలం అనుకున్న."

"పొలమా?" వెంకట్రాములు గట్టిగా నవ్వాడు. "పొలం ముచ్చటైతే నన్నడగాలె గదా చెల్లె!"

కంప్యూటరు ముందు కూర్చుని ఆమె వరస మార్చి, పెళ్లి మొత్తాన్ని మళ్లీ తయారుకు పెట్టింది. సగం కాగానే కరెంటు పోయింది. మళ్లీ మొదటి నుంచి. ఆ ఇంటావిడ పచ్చిపులుసుతో అన్నం పెట్టింది. సాయంత్రం నాలుగింటికి కొత్త క్యాసెట్టు చేతికొచ్చింది. ఇద్దరూ కలిసి పెళ్లికూతురి ఇంటికి తీసుకుపోయారు.

పెళ్లికూతురి తల్లి భూమవ్వ టీవీ ముందు నేల మీద కూర్చుని, కూతురు పీటల మీదికి నడిచి వచ్చేదాకా చూసింది. అప్పుడు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"గిప్పుడు మంచిగ నడుస్తుంది నా బిడ్డ. ముందటి దాంట్ల గజగజ వణుకుతుంటే, ఆ దినం జరమున్నదేమో, నాకు చెప్పలేదేమోనని అప్పటిసంది ఫికర్ పడుతున్న."

 ఆటోలో తిరిగి వస్తూ ప్రసన్న, తాను ఫోన్లో అలవోకగా అనేసిన ఒక్క మాట ఎంత దూరం పోయి ఎవరి ఇంట్లో కూర్చుందో అని ఆలోచిస్తూనే ఉంది. ఆ రోజు నుంచి, చేసి చూడని సంగతి ఎవరు అడిగినా "రేపు చెప్తా" అనేది. రేపు అంటే నిజంగా రేపే. ఆ రాత్రికో, తెల్లారో కంప్యూటరు మీద చేసి చూసి, తానే ఫోన్ చేసేది.

2004లో హైదరాబాదు డీలరు ఆఫీసు నుంచి ప్రియదర్శిని అనే ఆమె స్టూడియోకు ఫోన్ చేసింది. ఫోన్లలో జవాబులు చెప్పే విభాగం ఆమెదే.

"మీ వైపు నుంచి మాకు ఆర్నెల్లుగా ఒక్క ఫోన్ కూడా రావడం లేదండీ. సాఫ్ట్‌వేర్ వాడటం మానేశారేమోనని కనుక్కుంటే, అందరూ మీ పేరే చెప్పారు. మా దగ్గర చేరతారా?"

ప్రసన్న జీతం సంగతి అడగలేదు. "పాత వర్షన్లన్నీ ఉన్న మిషన్లు మీ కాడ ఉన్నయా మేడం? ఎవలైనా అడిగితే చేసి సూడాలె గద" అంది.

అలాంటి మిషన్లు లేవంది ప్రియదర్శిని. ఉన్నది ఒక కాగితమేనట, ప్రశ్నలు జవాబులు అచ్చేసింది.

ప్రసన్న ఊరు వదలడానికి ఒప్పుకోలేదు. ప్రియదర్శిని రెండు నెలలు పట్టు వదలకుండా ఆఫీసులో మాట్లాడి ఒక దారి చూసింది. బాన్స్‌వాడలోనే, స్టూడియో మీది గదిలో, వేరే ఫోన్ లైను, రెండు కంప్యూటర్లు పెట్టించారు. తారాచంద్ గది కిరాయికిచ్చి, కింద ఎడిటింగుకు ఇంకొకరిని వెతుక్కున్నాడు. కొన్నాళ్లు మూతి ముడుచుకున్నాడు గాని, తనకే ఏదైనా ఆగిపోతే మెట్లెక్కి వచ్చి అందరిలాగే అడిగేవాడు.

ఇక ఫోన్లు శ్రీకాకుళం నుంచి వచ్చాయి, అనంతపురం నుంచి వచ్చాయి.

"మీరు ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నారండీ?"

"బాన్స్‌వాడ నుంచి."

"అది హైదరాబాదులో ఏ ఏరియా అండీ?"

మొదట్లో ఆమె మాట వాళ్లకు, వాళ్ల మాట ఆమెకు కొంచెం తడబడేవి. తర్వాత అలవాటైంది. 2005లో బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే హరీష్‌తో ఆమెకు పెళ్లయింది. ఆయనకూ విప్పి చూసే బుద్ధే గనుక, ఇంజను సంగతులు ఆమె అడిగేది, సాఫ్ట్‌వేరు సంగతులు ఆయన అడిగేవాడు. తమ పెళ్లి వీడియో ఆమే ఎడిట్ చేసుకుంది. అందులో ఒక్క పువ్వూ రాలదు.

ఆ మరుసటి ఏడు పాలకొండ నుంచి ఒకాయన అడిగిన ప్రశ్నకు ఆమె దగ్గర ఏ వర్షన్‌లోనూ జవాబు దొరకలేదు. "మేడం, పెళ్లికూతురి పేరు తెలుగులో రాస్తే ఒత్తులన్నీ ఊడి పక్కన పడుతున్నాయి. సరిగ్గా రావాలంటే ఏం చేయాలి?" అందరిలాగే ఆమె కూడా పేరును వేరేచోట రాసి, బొమ్మగా చేసి అతికించుకునేది. అదే ఆయనకూ చెప్పింది. కానీ అది జవాబు కాదని ఆమెకు తెలుసు. కంపెనీకి ఈమెయిల్ రాసింది. వాళ్లు, ఎలా ఉండాలో మాకు తెలియదు, చూపించగలరా అని తిరుగు జవాబు రాశారు. ప్రసన్న తెల్ల కాగితాల మీద పెద్ద అక్షరాలతో పది పేర్లు రాసింది. ఒక్కో ఒత్తు ఎక్కడ కూర్చోవాలో బాణం గుర్తులు వేసింది. తారాచంద్ వాటిని దీపాలు పెట్టి మరీ ఫోటో తీశాడు. పంపించారు.

తర్వాతి వర్షన్‌లో ఏమీ మారలేదు. ఆ పై వర్షన్‌లోనూ మారలేదు. ఆమె ప్రతిసారీ ఆ ఫోటోలు మళ్లీ జతచేసి మర్యాదగా అడిగేది. 2009లో కొత్తది వచ్చినప్పుడు, ఆ పేజీల చివర ఎక్కడో, భారతీయ లిపుల విషయంలో మెరుగులు అని ఒక్క వాక్యం కనిపించింది. ఆమె ఎవరికీ ఫోన్ చేయలేదు. తలుపు దగ్గరికి వేసి, కంప్యూటరు ముందు కూర్చుని పది పేర్లూ ఒకదాని తర్వాత ఒకటి టైపు చేసింది. లక్ష్మి సరిగ్గా వచ్చింది. వెంకట్రాములు వచ్చాడు. జ్యోత్స్న దగ్గర మాత్రం రెండో ఒత్తు మొదటి దాని మీదికి ఎక్కి కూర్చుంది.

పాలకొండ ఆయనకు ఫోన్ చేసి, తొమ్మిది పేర్లు సరిగ్గా వస్తున్నాయని, జ్యోత్స్న అనే పెళ్లికూతురు వస్తే మాత్రం పాత పద్ధతే వాడమని చెప్పింది. ఆయన నవ్వి, మూడేళ్ల కిందట అడిగిన సంగతి ఇంకా గుర్తుందా అన్నాడు. ప్రసన్న అప్పటికే కొత్త కాగితం తీసి జ్యోత్స్న అని రాస్తోంది, ఈసారి ఇంకా పెద్ద అక్షరాలతో.